ఎండకు అండ.. ఇంటి అంబలి

నార్పల: ఉపాధి హామీ పథకం దేశంలో తొలిసారిగా 2006 ఫిబ్రవరి 2న ప్రారంభమైంది నార్పల మండలం బండ్లపల్లిలోనే. సేద్యం పనులుండని మండు వేసవిలో అనంతపురం జిల్లా కూలీలకు దొరికేవి ఎక్కువగా మట్టిపనులే. అక్కడ చెమటతో పాటు ఒంట్లోని ఉప్పూ పోతుంది. దాన్ని తిరిగి పొందడానికి కూలి డబ్బులు శీతల పానీయాలకు పోయనక్కర లేదు.

అంబలి: గుప్పెడు రాగిపిండిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీటిలో పోసి కలియబెడుతూ ఉడికించాలి. రాత్రంతా మట్టికుండలో పులియనిచ్చి, ఉదయం మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు చేర్చాలి. ఇది సులువుగా జీర్ణమవుతుంది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

విరేచనాలైతే: కాచి చల్లార్చిన లీటరు నీటిలో టీ చెంచాతో సమంగా 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కరిగించి కొద్దికొద్దిగా తాగించాలి. కొలత తప్పరాదు. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం.

వడదెబ్బ తగిలితే: ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, స్పృహ తప్పినా ఇంటి వైద్యం పనికిరాదు. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయరాదు. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ వెంటనే 108కు ఫోన్ చేయాలి.