పాత కార్ల హెడ్‌లైట్ల ఆధునికీకరణ

పాత కార్ల హెడ్‌లైట్ల ఆధునికీకరణ అనగా, కొన్ని దశాబ్దాల క్రిందట తయారైన కార్లలోని ముందు దీపాలను, వాటికి విద్యుత్తును చేరవేసే తీగలను నేటి రాత్రి ప్రయాణానికి తగినట్లు మెరుగుపరచడం. భారతదేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్ వంటి కార్లకు, బ్రిటన్‌లో తయారైన ట్రయంఫ్, ఎం.జి. వంటి పాత స్పోర్ట్స్ కార్లకు ఈ పని చేస్తారు. దీపం వెలుగు తగ్గినపుడు ఎక్కువ వాట్ల బల్బు వేయడమే పరిష్కారమని చాలామంది భావిస్తారు. కానీ పాత కార్లలో లోపం తరచుగా బల్బులో ఉండదు. బ్యాటరీకి, బల్బుకు నడుమనున్న సన్నని తీగలు, అరిగిన స్విచ్చులు మరియు తుప్పు పట్టిన ఎర్తు బిందువులే దానికి కారణం. అందుచేత ముందు తీగలను, ఆ తరువాత బల్బును చూడవలసి ఉంటుంది.

నేపథ్యం

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 ఆధారంగా రూపొందిన అంబాసిడర్ కారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 1957 నుండి 2014 వరకు తయారైంది. ప్రీమియర్ పద్మినికి ఇటలీకి చెందిన ఫియట్ 1100 మూలం. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961లో స్టాండర్డ్ హెరాల్డ్ కారును విడుదల చేసింది. ఇది బ్రిటన్‌లోని ట్రయంఫ్ హెరాల్డ్‌కు భారతీయ రూపం. అదే హెరాల్డ్ చట్రాన్ని కుదించి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును రూపొందించారు. కనుక మన హెరాల్డ్, ఆ స్పోర్ట్స్ కారు విద్యుత్ అమరికలో దగ్గరి బంధువులు. ఒకదానికి వర్తించే మరమ్మతు పద్ధతి చాలావరకు రెండవదానికీ వర్తిస్తుంది.

ఈ తరం కార్లలో చాలావాటికి 7 అంగుళాల, అంటే సుమారు 178 మిల్లీమీటర్ల వ్యాసం గల గుండ్రని దీపాలు ఉంటాయి. 1940లో అమెరికాలో ప్రామాణికమైన సీల్డ్ బీమ్ దీపం ఈ పరిమాణంలోనే వచ్చింది. ఇందులో ఫిలమెంటు, అద్దం, పరావర్తకం ఒకే ముద్దగా ఉంటాయి. ఫిలమెంటు తెగితే మొత్తం దీపాన్ని మార్చాలి. 1971లో వచ్చిన హెచ్4 హాలోజన్ బల్బులో రెండు ఫిలమెంట్లు కలవు. దూరపు వెలుగుకు 60 వాట్లు, దగ్గరి వెలుగుకు 55 వాట్లు దీని సాధారణ సామర్థ్యం. ఈ బల్బు కొరకు చేసిన 7 అంగుళాల పరావర్తకం పాత దీపం ఉన్న చోటనే సరిపోతుంది.

రాత్రి ప్రయాణంలో అవసరం

వై.ఎస్.ఆర్. కడప జిల్లాలోని ఒంటిమిట్ట, కడప నుండి రాజంపేట మీదుగా రేణిగుంటకు పోయే రహదారిపై ఉన్నది. ఇక్కడి కోదండరామస్వామి కల్యాణం పగలు కాక రాత్రి పూట, వెన్నెలలో జరుగుతుంది. ఆ రోజులలో భక్తుల వాహనాలు రాత్రి పొద్దుపోయే వరకు తిరుగుతూ ఉంటాయి. లారీలు, బస్సులతో పాటు కాలినడకన పోయేవారు, దీపాలు లేని ఎద్దుల బండ్లు, ఇళ్ళకు మళ్ళే గొర్రెల మందలు కూడా ఇటువంటి రహదారులను వాడుకుంటాయి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక సెకనుకు సుమారు 16.7 మీటర్లు సాగుతుంది. అడ్డంకిని చూచి బ్రేకు తొక్కడానికి 1.5 సెకన్లు పట్టిందనుకుంటే, ఆలోపునే 25 మీటర్లు గడుస్తాయి. మంచి బ్రేకులున్నా కారు ఆగడానికి మరొక 28 మీటర్లు కావాలి. మొత్తం 53 మీటర్లు. దీపం 40 మీటర్ల వరకే మనిషిని చూపగలిగితే, బ్రేకులు ఎంత బాగున్నా ప్రమాదం తప్పదు.

వెలుగు తగ్గడానికి కారణం

పాత కార్లలో దీపాల విద్యుత్తు బ్యాటరీ నుండి డ్యాష్‌బోర్డు స్విచ్చుకు, అక్కడి నుండి డిప్పర్ స్విచ్చుకు, తిరిగి కారు ముందు భాగానికి వస్తుంది. ఈ పొడవైన దారిలో ప్రతి తీగ, ప్రతి అతుకు కొంత వోల్టేజీని హరిస్తుంది.

రెండు 60 వాట్ల ఫిలమెంట్లు 12 వోల్టుల వద్ద 10 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటాయి. ఒక చదరపు మిల్లీమీటరు మందం గల రాగి తీగ నిరోధం మీటరుకు 0.0172 ఓములు. 5 మీటర్ల తీగలో 10 ఆంపియర్లు ప్రవహిస్తే ఓం నియమం ప్రకారం 0.86 వోల్టులు నష్టమవుతాయి. స్విచ్చులు, అతుకుల నిరోధం 0.05 ఓములు ఉన్నదనుకుంటే మరొక 0.5 వోల్టు పోతుంది. ఇంజను నడుస్తున్నపుడు బ్యాటరీ వద్ద 13.5 వోల్టులు ఉన్నా, బల్బుకు చేరేది సుమారు 12.1 మాత్రమే.

ఇది పదిశాతం నష్టమే. కానీ ఫిలమెంటు వెలుగు వోల్టేజీకి సమానంగా తగ్గదు. అది వోల్టేజీ యొక్క సుమారు 3.4వ ఘాతాన్ని అనుసరిస్తుంది. కనుక పదిశాతం వోల్టేజీ తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గిపోతుంది.

రాయలసీమ ఎండలు ఈ నష్టాన్ని పెంచుతాయి. రాగి నిరోధం ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల వద్ద ఉన్న తీగ ఇంజను ప్రక్కన 70 డిగ్రీలకు వేడెక్కితే నిరోధం దాదాపు 20 శాతం హెచ్చుతుంది. పైగా వేడికి పాత తీగల తొడుగు గట్టిపడి పగులుతుంది.

ఎక్కువ వాట్ల బల్బుల వలన ప్రమాదం

తీగలను మార్చకుండా 100/90 వాట్ల బల్బులు వేస్తే రెండు దీపాలు కలిపి 16.7 ఆంపియర్లు తీసుకుంటాయి. తీగలో పుట్టే వేడి విద్యుత్తు యొక్క వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, వేడి సుమారు 2.8 రెట్లు అవుతుంది. స్విచ్చు కరగడం, తీగలు కాలిపోవడం దీని ఫలితాలు. లూకాస్ సి40 వంటి పాత డైనమో గరిష్ఠంగా సుమారు 22 ఆంపియర్లే ఇస్తుంది. అందులో దీపాలే 17 తీసుకుంటే ఇగ్నిషన్‌కు, వైపర్‌కు మిగిలేది స్వల్పం.

రిలే పద్ధతి

రిలే అనేది చిన్న విద్యుత్తుతో పెద్ద విద్యుత్తును నడిపే స్విచ్చు. రిలే అమర్చిన తరువాత పాత స్విచ్చుల గుండా రిలే చుట్టకు కావలసిన కొద్దిపాటి విద్యుత్తు మాత్రమే పోతుంది. దీపాలకు కావలసిన విద్యుత్తు బ్యాటరీ నుండి దగ్గరి దారిలో నేరుగా వస్తుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగను 2 మీటర్లు వాడితే, 10 ఆంపియర్లకు తీగలో నష్టం సుమారు 0.14 వోల్టు మాత్రమే.

దూరపు వెలుగుకు ఒకటి, దగ్గరి వెలుగుకు ఒకటి చొప్పున రెండు రిలేలు కావాలి. పని క్రమం ఈ విధంగా ఉంటుంది.

1. దీపాలు వెలిగించి, మల్టీమీటరుతో బ్యాటరీ వద్ద, బల్బు వద్ద వోల్టేజీని కొలిచి వ్రాసుకోవాలి. తేడా అర వోల్టుకు మించితే తీగలను మెరుగుపరచాలి.
2. బ్యాటరీ తీగను విప్పిన తరువాతనే పని మొదలుపెట్టాలి.
3. లూకాస్ రంగుల పద్ధతి ఉన్న కార్లలో నీలం-తెలుపు తీగ దూరపు వెలుగుది, నీలం-ఎరుపు తీగ దగ్గరి వెలుగుది. వీటిని ఆయా రిలేల 86వ కొనకు కలపాలి. 85వ కొనను ఎర్తుకు కలపాలి.
4. బ్యాటరీ నుండి ఫ్యూజు ద్వారా 30వ కొనకు తీగ వేయాలి. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి.
5. 87వ కొన నుండి రెండు దీపాలకు తీగలు వేయాలి. ఒక్కొక్క దీపానికి వేరు ఫ్యూజు ఉంటే, ఒకటి పోయినా రెండవది వెలుగుతుంది.
6. దీపాల ఎర్తు తీగను తుప్పు పట్టిన రేకుకు కాక, నేరుగా బ్యాటరీ ఎర్తు వద్దకు తేవాలి.
7. చివర మరల వోల్టేజీని కొలిచి మొదటి కొలతతో పోల్చాలి.

1960ల నాటి కొన్ని బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ధన ధ్రువం ఎర్తుగా ఉంటుంది. అటువంటి కార్లలో డయోడు ఉన్న రిలేలను వాడేటపుడు ధ్రువాలను సరిచూడాలి. హాలోజన్ బల్బు గాజును వేళ్ళతో తాకరాదు. చర్మపు జిడ్డు అంటిన చోట గాజు అధికంగా వేడెక్కి బల్బు త్వరగా చెడిపోతుంది. పాత తీగలను కోయకుండా సాకెట్ల ద్వారా కలిపితే, కావలసినపుడు కారును యథాస్థితికి తేవచ్చు.

దీపాల గురి

వెలుగు పెరిగినపుడు గురి తప్పితే ఎదుటివారికి కళ్ళు బైర్లు కమ్ముతాయి. కారును చదునైన నేలపై గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి, దీపాల మధ్య బిందువు ఎత్తును గోడపై గుర్తించాలి. దగ్గరి వెలుగు పై అంచు ఆ గుర్తుకు సుమారు 10 సెంటీమీటర్లు క్రిందుగా పడాలి. భారతదేశంలో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కనుక వెలుగు అంచు ఎడమవైపున పైకి లేవాలి. కుడివైపు నడిచే దేశాల కొరకు చేసిన అద్దాలను ఇక్కడ వాడితే, ఆ పైకి లేచే భాగం ఎదురు వచ్చేవారి కళ్ళలో పడుతుంది. వెనుక బరువు ఎక్కువైనా కారు ముక్కు లేచి గురి మారుతుంది.

హాలోజన్ పరావర్తకంలో ఎల్.ఇ.డి. బల్బు పెట్టడం సాధారణమైంది. అయితే కాంతి పుట్టే చోటు, దాని ఆకారం ఫిలమెంటుకు సరిగ్గా సరిపోకపోతే వెలుగు చెదిరిపోతుంది. దగ్గరలో నేల తెల్లగా మెరిసినా, దూరాన చూపు తగ్గవచ్చు.

చట్టం

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 106వ నియమం హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్ళకు మిరుమిట్లు గొలపకుండా క్రిందికి మళ్ళి ఉండాలని చెబుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ విభాగం వాహనాలలో చేసే మార్పులకు సంబంధించినది.

ఇవి కూడా చూడండి

* హెడ్‌లైటు
* రిలే
* ఓం నియమం
* హిందుస్థాన్ అంబాసిడర్
* ఒంటిమిట్ట