వార్డుకో ప్రణాళిక ఎలా?

2025 జనవరిలో తెలంగాణ పట్టణాల్లో వార్డు సభలు పెట్టారు. రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల లబ్ధిదారుల జాబితాల కోసం పెట్టిన సభలవి. పేరుందా లేదా అన్నదే అక్కడ పెద్ద ప్రశ్న. ఇల్లు లేనివాళ్లకు అంతకన్నా ముఖ్యమైనది ఏముంటుంది? కాకపోతే వీధి చివర పూడిపోయిన మురుగు కాలువ ఏ ఇంటి దరఖాస్తులోనూ ఉండదు. అందరిదీ అయిన పనిని అడిగేవాళ్లు కరువు. ఆ పనుల కోసమే వార్డు ప్రణాళిక.

చట్టంలో దీనికి చోటుంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలకే వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. 2011 లెక్కల్లో లక్ష దాటిన సూర్యాపేట, మిర్యాలగూడ గానీ, వాటికన్నా చిన్నదైన కోదాడ గానీ ఆ లెక్కలోకి రావు. 2019 తెలంగాణ పురపాలక చట్టం ఆ లోటు తీర్చింది. ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. 2020 ఎన్నికల నాటికి 48 వార్డులున్న సూర్యాపేటలో కాగితం మీద దాదాపు మూడు వేల మంది! ప్రముఖులెవరో ఎవరు తేలుస్తారన్నది మాత్రం అడక్కండి.

అరవై మందిని ఒకచోట కూర్చోబెట్టేకన్నా పదిమంది కలిసి వార్డంతా నడవడం మేలు. పట్టణ ప్రణాళిక విభాగంలో వార్డు పటం అడిగి చేతిలో పెట్టుకోండి. పొద్దున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి తిరగాలి. వెలగని వీధిదీపం పగలు కనబడదు. గట్టి వాన వెలిసిన గంటకు మళ్లీ తిరిగితే నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో తెలుస్తుంది. పారిశుద్ధ్య కార్మికులను తప్పక వెంట పిలవండి. ఏ కాలువ ఎక్కడ మూసుకుపోతుందో ఇంజినీరు కన్నా వాళ్లకే బాగా తెలుసు.

తరువాతిది విసుగు పుట్టించే పని, కానీ అసలు పని అదే. ఏ పని ఎవరిదో విడదీయాలి. సూర్యాపేట, కోదాడల్లో 65వ నంబరు జాతీయ రహదారిని ఆనుకున్న వార్డుల వాళ్లు సర్వీసు రోడ్డు గుంతల గురించి మున్సిపాలిటీకి ఎన్ని అర్జీలిచ్చినా, ఆ రోడ్డు జాతీయ రహదారుల సంస్థది. చెరువు నీటిపారుదల శాఖది, ఒరిగిన కరెంటు స్తంభం విద్యుత్ సంస్థది. మిర్యాలగూడలో కోతల కాలంలో రైస్ మిల్లుల ముందు బారులు తీరే ధాన్యం బండ్ల సంగతి తేలాలంటే మిల్లర్లతోనూ ట్రాఫిక్ పోలీసులతోనూ కలిసి కూర్చోవాలి. ఇవన్నీ ఒకే వినతిపత్రంలో కలిపేస్తే ఎవరూ జవాబివ్వరు.

మున్సిపాలిటీ చేయాల్సినవాటిని ఈ ఏడాదివీ, తరువాతివీ అని వేరు చేసుకోవాలి. కొత్త బడ్జెట్ ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి సంక్రాంతి నాటికే ప్రణాళిక చేరాలి. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలని 2019 చట్టమే చెబుతోంది. పార్కు, చెట్లు అడగాలంటే ఆ పద్దు చూపించండి.

ఇంటివాళ్లు చేసేది కూడా ప్రణాళికలో రాయాలి. దీనికి మన దగ్గరే పాత ఉదాహరణ ఉంది. 2003 ప్రాంతంలో ఖాదర్ సాహెబ్ కమిషనర్‌గా ఉన్నప్పుడు సూర్యాపేటలో తడి చెత్త, పొడి చెత్త ఇళ్లలోనే వేరు చేయించి, ఇంటింటికీ వెళ్లి సేకరించారు. స్వచ్ఛ భారత్‌కు దశాబ్దం ముందే! వేరు చేయడం ఇంటివాళ్ల వంతు, తీసుకెళ్లి ఎరువు చేయడం మున్సిపాలిటీ వంతు. ఎవరి వంతు ఏదో ముందే తెలిసి ఉండటం వల్లే ఆ పని నడిచిందని నా అభిప్రాయం.

పెద్ద పటం మీద కూడా కన్నేసి ఉంచాలి. కామారెడ్డిలో మాస్టర్ ప్లాన్ ముసాయిదా తమ పొలాలను పరిశ్రమల జోన్‌లో చూపిందని 2023 జనవరిలో రైతులు రోడ్డెక్కారు, చివరికి కౌన్సిల్ ఆ ముసాయిదాను వద్దని తీర్మానించింది. ముసాయిదా వెలువడ్డాక అభ్యంతరాలకు గడువిస్తారు. ఆ రోజుల్లోనే మీ వార్డు ఏ రంగులో ఉందో చూసి, రాతపూర్వకంగా చెప్పాలి.

ప్రణాళిక ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. మూడు నెలలైనా కదలిక లేకపోతే ఆ నంబరుతోనే సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి.