నేలక్రింది నిధి - ఊరివారి మాట

నంద్యాల పట్టణమునకు తూర్పున నల్లమల కొండలు ప్రాకారము వలె బారులు తీరియున్నవి. ఆ కొండల పాదమున మహానంది క్షేత్రము కలదు. అచ్చటి కోనేటి నీరు అడుగున నున్న గులకరాయి సైతము కనబడునంత తేటగా నుండును. కోనేటి నుండి వెలువడిన ఆ నీరే కాలువలై పారి, చుట్టుప్రక్కల మాగాణి పొలములను, అరటితోటలను తడుపుచున్నది. ఎక్కడనో కొండమీద కురిసిన వాన రాతిపొరల సందులలోనికి ఇంకి, కంటికి గానరాని దారుల వెంట నడచి, ఊటయై పైకి వచ్చుచున్నది. నేలక్రింది నీరు ఒకచోట నిలిచియుండునది కాదు, నడచునది. ఈ సత్యమును తెలిసికొనుటకు మహానంది కోనేటికంటె మంచి నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

నంద్యాలకు దక్షిణమున ఆళ్లగడ్డ కలదు. రాతిని దేవతామూర్తులుగా మలచు శిల్పులకు ఆ ఊరు పేరుపొందినది. కుందూనది, కర్నూలు-కడప కాలువ ఈ సీమకు జీవనాధారములు. అయినను కాలువనీరు అందని పొలములు అనేకములు కలవు. అట్టిచోట్ల రైతునకు బోరుబావియే దిక్కు. త్రాగుటకును, పశువులకును, పైరునకును ఆ నీరే ఆధారము.

2019వ సంవత్సరమున ఆళ్లగడ్డ మండలములోని యాదవాడ గ్రామ పరిసరములందు యురేనియమను ఖనిజము కొరకు అన్వేషణ జరిగెను. నేలలో లోతైన రంధ్రములు వేయుట చూచి ఊరివారు కలవరపడి అభ్యంతరము తెలిపిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు నెలలో పొరుగున నున్న తెలంగాణ శాసనసభ, నల్లమలలో యురేనియము త్రవ్వరాదని తీర్మానము చేసెను. అంతవరకు శాస్త్రగ్రంథములలో మాత్రమే వినబడు యురేనియము అను మాట రచ్చబండల మీదికి వచ్చెను.

యురేనియము మిక్కిలి బరువైన లోహము. అణువిద్యుత్తును ఉత్పత్తి చేయుటకు ఇది ఇంధనము. మన దేశపు అణువిద్యుత్కేంద్రములలో పెక్కింటికి కావలసిన ఇంధనమును హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు తయారుచేయుచున్నది. బొగ్గు కాల్చకయే దీపములు వెలిగించు శక్తి దీనికి కలదు. కావున దేశమునకు దీని అవసరము లేదని తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. కాని ఇది రేడియోధార్మిక పదార్థము. నీటిలో మోతాదు మించి చేరినచో మూత్రపిండములకు హాని కలిగించును. లీటరు త్రాగునీటిలో ముప్పది మైక్రోగ్రాములకు మించి యుండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. మైక్రోగ్రామనగా గ్రామునందు పదిలక్షలవ వంతు!

అన్వేషణ వేరు, గని వేరు. అన్వేషణయందు సన్నని రంధ్రము వేసి, లోపలి రాతిని కడ్డీ ఆకారమున వెలికిదీసి పరీక్షింతురు. గనియందు రాతిని పెద్దయెత్తున త్రవ్వి, పిండిచేసి, రసాయనముల సాయముతో ఖనిజమును వేరుచేయుదురు. అన్వేషణ జరిగిన ప్రతిచోట గని రాదు. కాని అన్వేషణ లేనిదే గని రాదు. ఊరివారి కలవరమునకు మూలమిదియే.

ఆళ్లగడ్డ సీమ యున్న కడప శిలామండలములోనే పులివెందుల చెంత తుమ్మలపల్లె కలదు. అచ్చట భారత యురేనియము సంస్థ 2007లో గనికి శంకుస్థాపన జరిపి, 2012లో ఉత్పత్తి ఆరంభించెను. అచ్చటి టన్ను రాతిలో యురేనియము అరకిలోకు మించియుండదు. అనగా త్రవ్విన రాయి యంతయు దాదాపుగా వ్యర్థమే యగును. బురదరూపమున నున్న ఆ వ్యర్థమును చెరువు వంటి కట్టలోపల నిలువచేయుదురు. చుట్టుప్రక్కల బోరునీరు చెడిపోయినదనియు, అరటితోటలు వాడిపోయినవనియు 2018లో రైతులు ఫిర్యాదు చేసిరి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు తాఖీదు ఇచ్చెను. సంస్థ తన తప్పిదము లేదనెను. ఆ రాతినేలలోని నీటియందు సహజముగనే కొంత యురేనియము కలియుట కలదు. అట్లగుటచే నీటిలో కనబడినది నేలలోనిదా, చెరువులోనిదా యను వాదము పుట్టెను.

ఈ వాదము యురేనియమునకే పరిమితము కాదు. నేలను తొలిచి సంపదను తీయు ప్రతి పనియందును ఇట్టిదే వినబడును. అమెరికా దేశమున షేల్ అను పలకరాతి పొరలనుండి వాయువును తీయుటకు ఒక పద్ధతి కలదు. వేలకొలది అడుగుల లోతునకు బావి తొలిచి, నీరు, ఇసుక, కొన్ని రసాయనములు కలిపి మహావేగముతో లోనికి పంపుదురు. ఆ ఒత్తిడికి రాతిపొర చిట్లును. ఇసుకరేణువులు ఆ చిట్లు మూసికొనకుండ ఆపును. వాయువు వాటిగుండ వెలికి వచ్చును. దీనిని హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ అందురు. పెన్సిల్వేనియా రాష్ట్రములోని డిమోక్ అను పల్లెయందు, ఇట్టి బావులు వచ్చిన పిదప, 2009లో ఇండ్ల నూతినీటియందు మండెడు వాయువు కనబడెను. బావుల వలననే యని ఊరివారనిరి. అది మొదటినుండియు నేలలో నున్నదే యని వాయువును తీయువారనిరి. వాదము ఏండ్ల తరబడి సాగెను. ఫ్రాన్సు దేశము 2011లోనే ఈ పద్ధతిని నిషేధించెను.

తుమ్మలపల్లెకును డిమోక్కునకును నడుమ సముద్రములు కలవు. అయినను రెండుచోట్ల చిక్కు ఒక్కటియే. పని ఆరంభింపక మున్ను నీరెట్లుండెనో ఊరివారియొద్ద లెక్కలేనప్పుడు, పిమ్మట చెడినదని నిరూపించుట కష్టము. ముందటి కొలత లేనిదే తరువాతి వాదము నిలువదు.

మరి ఊరివారి మాట ఎక్కడ వినబడవలెను? 2006 నాటి కేంద్రప్రభుత్వ పర్యావరణ ప్రకటన ప్రకారము పెద్ద గనులకు అనుమతి నిచ్చుటకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెను. ముప్పది దినముల ముందుగా తెలియజేయవలెను. పథకపు సారాంశమును స్థానికభాషలో ఉంచవలెను. జిల్లా కలెక్టరు గాని, వారి ప్రతినిధి గాని సభకు అధ్యక్షత వహింపవలెను. అంతకు ముందే 2003లో, నాగార్జునసాగరము చెంతనున్న లంబాపురము-పెద్దగట్టు యురేనియము పథకముపై ఇట్టి సభ జరుగగా, ప్రజలు గట్టిగా ఎదురు పలికిరి. అచ్చట నేటికిని గని వెలయలేదు. అయితే 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ అణుఖనిజముల గనులను ఈ ప్రజాభిప్రాయ సేకరణనుండి మినహాయించెను. దేశరక్షణావసరములను అందులకు కారణముగా చూపెను. కావున ఊరివారు తమలో తాము కూడి యోచించు గ్రామసభకు ఇప్పుడు మునుపటికంటె విలువ హెచ్చినది.

అట్టి సభలో పలువిధముల మాటలు వినబడుట సహజము. బోరునీటిని నమ్ముకొన్న రైతు తన పైరునకు వెరచును. పని దొరకక పట్టణములకు వలసపోవు యువకుడు, గని వచ్చినచో ఉద్యోగము దొరకునేమో యని ఆశపడును. బిందె మోయు ఇల్లాలు, ఈ నీరు బిడ్డలకు పోయవచ్చునా యని అడుగును. దేశమునకు విద్యుత్తు కావలెనని ఇంకొకరు చెప్పుదురు. వీరిలో ఎవరి మాటయు త్రోసివేయదగినది కాదు. కేకలు పెద్దవైనంత మాత్రమున చర్చ పెద్దది కాదు. అడుగవలసిన ప్రశ్నలు అడిగినప్పుడే అది చర్చ యగును. ఎంత నీరు వాడుదురు? వ్యర్థమును ఎక్కడ నుంచుదురు? వేసిన రంధ్రములను ఎట్లు పూడ్చుదురు? నీటిని ఎవరు, ఎన్ని నెలలకొకమారు పరీక్షింతురు? ఆ ఫలితములను ఊరివారికి చూపుదురా? నష్టము కలిగినచో బాధ్యత ఎవరిది? ఉద్యోగములు ఎందరికి, ఎన్ని ఏండ్లు?

ఈ ప్రశ్నలకు బలము చేకూర్చునది లెక్క. పల్లెప్రజలు అంత లెక్క చూడగలరా యని సందేహించువారు కలరు. ఈ శతాబ్దపు తొలి దశకమున, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, కర్నూలు, కడప, అనంతపురము మొదలగు ఏడు జిల్లాలలో ఒక ప్రయత్నము జరిగెను. రైతులే, స్త్రీలును పురుషులును, తమ బోర్లలోని నీటిమట్టమును కొలిచి వ్రాసికొనిరి; వర్షపాతమును నమోదు చేసిరి. రబీ పంటకు ముందు ఒకచోట చేరి, నేలలో ఇంత నీరున్నది, ఏ పైరు వేయవచ్చునని లెక్కవేసికొనిరి. ఎక్కువ చదువు లేనివారును ఆ సభలలో అంకెలు చూపి మాటలాడిరి.

ఈనాడు ఏ ఊరి బడిపిల్లలైనను తమ వీధి బోరు లోతెంతయో, వేసవిలో మట్టమెంత తగ్గునో, పరీక్షాశాలకు పంపిన నీటి ఫలితమేమో ఒక పుస్తకమున వ్రాసి భద్రపరుపవచ్చును. ఆ పుస్తకమునకు వెల స్వల్పము. కాని రేపు యంత్రము ఊరిపొలిమేరకు వచ్చిన దినమున, గ్రామసభలో నిలిచి మాటలాడువానికి అదియే సాక్ష్యము. నేలక్రింది నిధిని తీయవలెనా, వలదా యను నిర్ణయము ఎట్టిదైనను కావచ్చును. ఆ నేలమీద నీరు త్రాగువారు తెలిసి పలికిన మాటను వినిన పిమ్మటనే అది జరుగుట న్యాయము.