మీకు తెలుసా? గుత్తి వకీలు గయానా దాకా!

అనంతపురం జిల్లా గుత్తిలో వకీలుగా పనిచేస్తూ ‘ది హిందూ’ పత్రికకు వార్తలు రాసిన పట్టు కేశవ పిళ్లై (1860–1933), 1885 డిసెంబరులో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెస్ సభకు వెళ్లారు. దేశమంతటి నుంచీ వచ్చిన ప్రతినిధులు 72 మందే. వారిలో కరవు సీమ గొంతు ఆయనది.

● 1920లలో మద్రాసు శాసనమండలి ఉపాధ్యక్షుడయ్యారు.

● చెరకు తోటలకు మళ్లీ భారతీయ కూలీలను పంపాలని బ్రిటిష్ గయానా కోరింది. అక్కడి మనవాళ్ల బాగోగులు చూసి రావడానికి 1922లో వెళ్లిన ముగ్గురు సభ్యుల బృందంలో ఆయనొకరు. తోటల్లో కూలీలుండే ఇళ్ల వరుసల (కూలి లైన్ల) దుస్థితిని మరో సభ్యుడు వి.ఎన్. తివారీతో కలిసి నివేదికకెక్కించారు. మూడో సభ్యుడు కీటింజ్ తన నివేదిక విడిగా రాసుకున్నారు!