ధర్మం చేశారు, న్యాయం మిగిలింది

చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో మన జగ్గయ్యపేట రాయి ఒకటుంది. రెండువేల ఏళ్ళ నాటి సున్నపురాయి పలక. నడుమ ఒక రాజు కుడిచెయ్యి పైకెత్తి నిలబడి ఉంటాడు. మబ్బుల్లోంచి నాణేలు రాలుతుంటాయి. గుండ్రటివి కావు, నలుచదరపు నాణేలు. చుట్టూ చక్రం, మణి, ఏనుగు, గుర్రం, రాణి, పరివారం. అదృష్టమంటే ఇదీ అనిపిస్తుంది చూడగానే.

ఆ రాజు మాంధాత. బౌద్ధుల జాతక కథల్లో ఆయన చెయ్యి కదిపితే సిరి వానలా కురిసేది. భూమంతా ఏలాడు, చాలలేదు. స్వర్గానికి వెళితే ఇంద్రుడు తన గద్దెలో సగమిచ్చాడు. సగమెందుకు, మొత్తం నాదే కావాలనుకున్నాడు. ఆ ఆశే అతన్ని మళ్ళీ నేలమీద పడేసింది. శిల్పి మాత్రం నాణేలు రాలే ఘట్టం చెక్కి ఊరుకున్నాడు. పతనం సంగతి చూసేవాళ్ళకు వదిలేశాడు.

ఈ పలక ఊరి పక్కనున్న ధనబోడు గుట్ట మీది స్తూపానిది. శాసనాల్లో ఆ చోటి పేరు వెలగిరి. 1882లో జేమ్స్ బర్జెస్ వచ్చి తవ్వి చూసేనాటికే స్తూపం రాళ్ళు చాలావరకు కట్టడాలకు తరలిపోయాయి. మిగిలిన స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం నాటి శాసనం ఉంది. సిద్ధార్థుడనే పనివాడు తూర్పు వాకిట అయిదు ఆయక స్తంభాలు నిలిపి, అవి సకల జీవుల మేలు కోసమని రాయించాడు. ఇచ్చింది రాజు కాదు, చేతిపనితో బతికే మనిషి. నాకు మాంధాత కంటే ఇతనే ఎక్కువ గుర్తుంటాడు.

ఆ గుట్ట పక్క ఊరు ఒకప్పుడు బేతవోలు. దాన్ని పట్టణంగా కట్టి, తండ్రి పేరు మీద జగ్గయ్యపేట అన్నవాడు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. 1783 నుంచి 1816 దాకా కృష్ణకు రెండు వైపులా ఆయన మాటే చెల్లింది. ఊళ్ళు కట్టించాడు, గుళ్ళు కట్టించాడు, దానాల్లో ఆయనకు సాటి లేరని ఈనాటికీ చెబుతారు. అదే నోటితో జనం ఇంకో కథ కూడా చెబుతారు. దోపిడీలు చేస్తున్నారన్న నెపం మీద వందల మంది చెంచుల్ని విందుకు పిలిచి, వచ్చినవాళ్ళను వచ్చినట్టు నరికించాడట. నరికిన చోటు గనక అమరావతి దగ్గరి ఆ ఊరికి నరుకుళ్ళపాడన్న పేరు నిలిచిందంటారు. ఆ తర్వాత జమీందారు అన్నానికి కూర్చుంటే కంచంలో మెతుకులు పురుగుల్లా కనిపించాయట. మనశ్శాంతి కోసం తానుండే చింతపల్లి వదిలి అమరావతి చేరి, అమరేశ్వరుడి కొలువులో శేషజీవితం గడిపాడంటారు.

ఈ కథ చెప్పేవాళ్ళంతా జమీందారు పశ్చాత్తాపం దగ్గర ఆగుతారు. మెతుకులు పురుగులైన తీరు కళ్ళకు కట్టేలా వర్ణిస్తారు. గుడికిచ్చిన మాన్యాలు లెక్కపెడతారు. చచ్చిపోయిన చెంచుల పెళ్ళాంబిడ్డలు ఆ రాత్రి ఎక్కడికి పోయారు? వాళ్ళకు ఎవరు ఏమిచ్చారు? ఆ మాట కథలో లేదు. దేవుడికి ముట్టింది, పండితులకు ముట్టింది, దెబ్బ తిన్నవాళ్ళకు ఏమీ ముట్టలేదు.

పోనీ, ఆ రోజుల్లో న్యాయస్థానాలు లేవా అంటే ఉన్నాయి. వెంకటాద్రి నాయుడికి పిల్లల్లేరు. ఒకరిని దత్తత తీసుకుని, అతను బతికుండగానే మరొకరినీ తీసుకున్నాడు. 1816లో ఆయన పోయాక ఆస్తి తగాదా కోర్టులన్నీ తిరిగి లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1846లో తీర్పు వచ్చింది: మొదటి దత్తపుత్రుడు ఉండగా రెండో దత్తత చెల్లదు. ‘రంగమ్మ వర్సెస్ అచ్చమ్మ’ పేరుతో న్యాయశాస్త్ర పుస్తకాల్లో ఆ కేసు నిలిచిపోయింది. వారసులెవరో తేల్చడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. చెంచులది అసలు కేసే కాలేదు.

ఆ హత్యలకు పదిహేను వందల ఏళ్ళకు ముందే, శాతవాహన రాజుకు రాసినట్టు చెప్పే ఒక ఉత్తరం ఉంది. అయిదు వందల శ్లోకాల ‘రత్నావళి’, బౌద్ధాచార్యుడు నాగార్జునుడిది. వెలగిరిలోనే ఒక బుద్ధ విగ్రహం మీద నాగార్జునాచార్యుల శిష్య పరంపర పేరు చెక్కి ఉంది. ఆ శాసనం బాగా తర్వాతి కాలానిది కాబట్టి ఇద్దరినీ ఒకటి చేయలేం గానీ, ఆ పేరు ఈ గుట్ట మీద పలికిన పేరే. దండించడం గురించి ఆయన రాజుకు చెప్పింది ఇది: చెడ్డ కొడుకును తండ్రి ఎలా దండిస్తాడో అలా దండించు, బాగుపడాలని, కోపంతో వద్దు, డబ్బు కోసం వద్దు. ఖైదులో ఉన్నవాళ్ళకు మంగలిని, స్నానాన్ని, అన్నపానాలను, మందును, గుడ్డను ఏర్పాటు చెయ్యి. హంతకుడినైనా చంపకు, హింసించకు, దేశం దాటించు. ఘోర పాపం చేసినవాడి మీదే ఎక్కువ దయ ఉండాలంటాడు. ఇంకోచోట, దెబ్బతిన్న రైతుకు విత్తనం, తిండి ఇవ్వమని, పన్ను భారం తగ్గించమని కూడా చెప్పాడు. రాజు బాధ్యతల పట్టికలో స్తూపాలు, విగ్రహాలు ఉన్నాయి; వాటి పక్కనే ఖైదీ గడ్డం, రైతు విత్తనం ఉన్నాయి.

మన భాషలో ఒక చిత్రం ఉంది. బిచ్చమడిగే మనిషి ‘ధర్మం చెయ్యండి బాబూ’ అంటాడు. ‘న్యాయం చెయ్యండి’ అనేవాడు బిచ్చగాడు కాడు, బాకీ అడిగేవాడు. ధర్మం ఇచ్చేవాడి చేతిలో ఉంటుంది, ఎంతిచ్చినా దండం పెట్టించుకుంటుంది. న్యాయం పుచ్చుకునేవాడి హక్కు. ఒకటి చేసి రెండోది ఎగ్గొట్టడం మనకు బాగా అలవాటైంది. వెంకటాద్రి నాయుడు దూరమనుకోనక్కర్లేదు. పత్తి కాటా వేసే చోట నిలబడితే చాలు. ముల్లు తేలకముందే బస్తాకింత తరుగు తీసేస్తారు. ఎందుకని అడిగితే ‘అందరి దగ్గరా అంతే’ అంటారు. అందరి దగ్గరా అంతే అయితే అది న్యాయమైపోదు.

అంతకంటే నొప్పి కలిగించేది కౌలు. నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో పత్తి, మిరప వేసేది చాలాచోట్ల సొంతదారు కాదు. సొంతదారు బెజవాడలోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు. కౌలు ముందే చేతిలో పెట్టి, ఎరువులకు అప్పు తెచ్చి, గులాబీ పురుగుకో అకాల వానకో పంట పోగొట్టుకునేది దున్నినవాడు. నష్టపరిహారం వస్తే పాస్‌బుక్కులో పేరున్నవాడికి పోతుంది. ఇది తప్పని రాష్ట్రం 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం చేసింది. పదకొండు నెలల ఒప్పందం, సాగుదారు కార్డు. పంట రుణం, బీమా, పరిహారం సాగు చేసినవాడికే. భూమి హక్కుకు ఇసుమంతైనా ముప్పు లేదు. కానీ ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి.

ఆ సంతకం దగ్గర ఏం జరుగుతుందో ఈ ఊళ్ళలో అందరికీ తెలుసు. పొద్దుగూకే వేళ కౌలురైతు వచ్చి అరుగు చివర కూర్చుంటాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంటుంది, చెమటకు తడిసి మడతల దగ్గర పల్చబడి ఉంటుంది.

‘బాబాయ్, ఆ సంతకం...’

‘చూద్దాంలేరా. రేపు పొలం నాదే అంటే?’

‘ఎంతమాట బాబాయ్.’

మంచినీళ్ళిస్తారు, కాఫీ ఇస్తారు. సంతకం ఇవ్వరు. ఈ బాబాయి చెడ్డవాడు కాడు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకు ఏటా అన్నదానానికి బియ్యం పంపే మనిషి. ఈ కౌలురైతు కూతురి పెళ్ళికి అయిదువేలు చేతిలో పెట్టాడు, తిరిగి అడగలేదు. కానీ పంట పోయిన ఏడాది ప్రభుత్వం వేసిన పరిహారం తన ఖాతాలో పడితే మాట్లాడకుండా ఉంచుకున్నాడు. ఆ డబ్బు తనది కాదన్న సంగతి అతనికి తట్టనే లేదు.

అమర్త్య సేన్ 2009లో అచ్చైన ‘ది ఐడియా ఆఫ్ జస్టిస్’లో మన పాత మాటలు రెండు తీసుకుని విడదీశారు. చట్టాలు, సంస్థలు సక్రమంగా ఉండటం నీతి. చివరికి మనుషుల బతుకుల్లో ఏం జరిగిందన్నది న్యాయం. సాగుదారు చట్టం కాగితం మీద నీతి. దాన్ని న్యాయంగా మార్చే పని ఆ అరుగు మీద కూర్చున్న ఇద్దరి మధ్య ఉంది, అందులోనూ పెన్ను పట్టుకున్న వ్యక్తి చేతిలో.

ఇది చదువుతున్న వారిలో పొలం కౌలుకిచ్చినవారు ఉంటారు. దూరదేశంలో ఉండి ఏటా ఊళ్ళో గుడికి చందా పంపేవారూ ఉంటారు. ఈసారి చందాతో పాటు ఒక ఫోను చేయండి. మీ పొలం ఎవరు దున్నుతున్నారో కనుక్కుని, విత్తనం పడకముందే ఆ ఒప్పందం మీద సంతకం పెట్టండి. పోయిన ఏడాది పరిహారం మీ ఖాతాలో పడి ఉంటే, అది ఎవరి చెమటదో వారికి పంపించండి.