నొప్పికి రాసే ట్యూబు కూడా మందే

బుడ్డలు పీకే రోజుల్లో నడుము, పత్తి ఏరే రోజుల్లో మెడ, స్ప్రేయర్ మోసిన నాడు భుజం. కర్నూలు, కడప జిల్లాల మెట్ట సేద్యంలో ఈ నొప్పులు అందరికీ తెలిసినవే. "ఒక సూదేయించుకుంటే సరిపోతాది, రేపు మళ్లీ సేనికి పోవల్ల" అని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. సూది వేసి, నాలుగు మాత్రలు ఇస్తారు. వచ్చే దారిలో మెడికల్ షాపులో ఒక ట్యూబు కొంటారు. ఇవి మూడు వేర్వేరు మందులని మీరు అనుకుంటారు. చాలాసార్లు మూడింటిలోనూ ఉండేది ఒకటే మందు. దాని పేరు డైక్లోఫెనాక్.

ట్యూబుతో మేలేమిటి?

మోకాలు, మడమ, మణికట్టు, మోచేయి వంటి చర్మానికి దగ్గరగా ఉన్న కీళ్ల నొప్పికి, బెణుకుకు ఈ జెల్ బాగా పనిచేస్తుంది. మాత్ర మింగితే మందు ఒళ్లంతా తిరుగుతుంది. జెల్ రాస్తే రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే సుమారు 6 శాతమే. కాబట్టి కడుపుకు, మూత్రపిండాలకు చేటు తక్కువ. అయితే ఈ మేలు మాత్రకు బదులుగా జెల్ వాడినప్పుడే. మాత్ర మింగుతూ, సూది వేయించుకుంటూ, పైన జెల్ కూడా రాస్తే ఒకే మందును మూడు దారుల్లో ఎక్కించినట్లే. నీళ్లు సరిగా తాగకుండా 40 డిగ్రీల ఎండలో పనిచేసే మనిషికి నొప్పి మాత్రలు, సూదులు మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఎలా రాయాలి?

సేను నుంచి వచ్చి, పురుగుమందు, దుమ్ము పోయేలా స్నానం చేసి, ఒళ్లు తుడుచుకున్నాక రాయండి. ఒక శాతం జెల్ అయితే ఒకసారికి 2 నుంచి 4 గ్రాములు చాలు. అంటే చేతి కీలుకు చిన్న రేగుపండంత, మోకాలికి పెద్ద రేగుపండంత. రోజుకు 3 లేదా 4 సార్లకు మించరాదు. మెల్లగా పూయాలి, గట్టిగా రుద్దనక్కర లేదు. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చేతి కీళ్లకే రాసుకుంటే మాత్రం గంటసేపు చేతులు తడపరాదు. అందుకని అన్నం తిన్నాక రాసుకోవడం మేలు.

రాసిన చోట గుడ్డ బిగించి కట్టరాదు, వేడి కాపడం పెట్టరాదు. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ కలిసిన ట్యూబులపై కాపడం పెడితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. రాసిన చోటును ఎండ తగలనీయకండి. పుండు, గీరుకుపోయిన చర్మం, పగుళ్లు ఉన్నచోట, కళ్ల దగ్గర పూయరాదు. దద్దుర్లు వస్తే వెంటనే ఆపేయండి. వారం రోజుల్లో గుణం కనిపించకపోతే ట్యూబు మార్చడం కాదు, డాక్టరుకు చూపించాలి.

ఎవరు వాడకూడదు?

గర్భిణులు, 14 ఏళ్ల లోపు పిల్లలు, నొప్పి మాత్ర పడితే ఆయాసం వచ్చేవారు డాక్టరు చెప్పనిదే వాడరాదు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు, రక్తం పలుచనయ్యే మాత్రలు వాడేవారు ముందు అడిగి తీరాలి.

ఈ నొప్పులకు ట్యూబు పనికిరాదు

ఎడమ భుజం, దవడ లాగుతూ ఛాతీలో బరువు, చెమటలు పడితే అది కండరాల నొప్పి అనుకోవద్దు. గుండెపోటు కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. జ్వరంతో కీలు ఎర్రగా వాచినా, నడుము నొప్పితో కాళ్లు తిమ్మిరెక్కి మూత్రం ఆగిపోయినా, పడి ఎముక వంకర పోయినా ఆలస్యం చేయక ఆస్పత్రికి పోవాలి. మన జిల్లాల్లో కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి మెడ, నడుము బిగుసుకుపోతుంటే ఎన్ని ట్యూబులు పూసినా లాభం లేదు. తాగే నీటిని పరీక్ష చేయించండి.

ఎద్దులకు వాడొద్దు

కాడి రాపిడికి ఎద్దు మెడ వాచిందనో, కుంటుతోందనో ఇంట్లో ఉన్న మందే వాడేవారున్నారు. పశువులకు డైక్లోఫెనాక్‌ను ప్రభుత్వం 2006లోనే ఆపేసింది. ఈ మందు వేసిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని 2015లో ఆ సూది మందును 3 మి.లీ. సీసాలకే పరిమితం చేశారు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు వాడరాదని 2023లో నిషేధించారు. పశువుల డాక్టరును అడిగితే మెలాక్సికామ్ వంటి మందు రాస్తారు.

ఇకపై మెడికల్ షాపులో ట్యూబు కొనేటప్పుడు దానిమీది మందు పేరు, గడువు తేదీ చదివించుకోండి. అదే పేరు మీ మాత్రల అట్టమీద ఉంటే రెండూ వాడొద్దు. డాక్టరు దగ్గరకు పోయినప్పుడు "ఇంట్లో ఈ ట్యూబు పూస్తున్నా సార్" అని ముందే చెప్పండి. ఒకటి రెండు రోజులు నడుముకు విశ్రాంతి ఇవ్వడం, పనిలో గంటకోసారి లేచి నిలబడి నీళ్లు తాగడం ఖర్చులేని వైద్యం. దాన్ని మరవొద్దు.