మాటకు ప్రాణం పోసిన నటుడు: బళ్ళారి రాఘవ

అనంతపురం పీఠభూమికి దక్షిణపు కొసన, కన్నడ దేశపు పొలిమేరలో ఉన్నది చిలమత్తూరు. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే ఎరిగిన సీమ ఇది. ఆ వాన అయినా అదనుకు రాదు. వేరుసెనగ చేలు ఎండిన ఏడు ఊరు ఊరంతా మబ్బుకేసి చూస్తుంది. అయినప్పటికీ తెల్లవార్లూ భారత కథలను ఆడించుకొని చూచే వేడుక ఈ సీమ పల్లెలలో చిరకాలంగా ఉన్నది. హార్మోనియం మ్రోగి, దుర్యోధనుడు రంగం మీదికి వచ్చినాడంటే ఎండిన చేను ఆ ఒక్క రాత్రికీ మరపునకు వస్తుంది. పద్యం అందుకొని రాగం తీయగానే “వన్స్ మోర్” కేకలు లేస్తాయి. తొడలు విరిగి పడిన కురురాజు లేచి కూర్చుండి, అదే పద్యాన్ని మరల పాడి, మరల పడిపోవడమూ కద్దు.

ఈ అలవాటుకు ఎదురు నిలిచిన మహానటుడు ఈ సీమలోనే పుట్టడం విశేషం. ఆయనే బళ్ళారి రాఘవగా పేరొందిన తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించారు. అప్పటికి అనంతపురం జిల్లా ఏర్పడలేదు. 1882లో ఆ జిల్లా వేరుపడే వరకు తాడిపత్రి, చిలమత్తూరు, బళ్ళారి అన్నీ ఒకే జిల్లాలోనివి. కనుక రాఘవ పేరులో బళ్ళారి ఉన్నదని ఆయనను పరాయివానిగా తలపవలసిన పనిలేదు.

ఆయన తండ్రి నరసింహాచార్యులు బళ్ళారిలో తెలుగు పండితులు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆంధ్ర నాటక పితామహులు; బళ్ళారిలో సరస వినోదినీ సభను నెలకొల్పినవారు. అదే పట్టణంలో కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ చారిత్రక నాటకాలకు పెట్టినది పేరు. ఒక వంక పౌరాణికం, మరొక వంక చారిత్రకం పోటీపడుతున్న ఊరిలో పెరిగిన బాలునికి నాటకం పిచ్చి పట్టకుండునా? యౌవనంలోనే రాఘవ షేక్స్పియరు పేరిట ఒక సంఘాన్ని స్థాపించి, ఆ మహాకవి నాటకాలను ఆడించారు. మద్రాసులో బి.ఏ., పిదప న్యాయశాస్త్రం చదివి, బళ్ళారిలో వకీలుగా పేరు తెచ్చుకొని, ప్రభుత్వ న్యాయవాది కూడా అయినారు.

పగలు న్యాయస్థానం, రాత్రి రంగస్థలం. జీవిక వకీలు వృత్తి వలన జరిగిపోతున్నందున నాటకం ఆయనకు బ్రతుకుతెరువు కాలేదు. ఎన్నో ప్రదర్శనల రాబడిని ధర్మకార్యాలకు ఇచ్చివేశారు. జనం మెప్పు కొరకు తన కళను మార్చుకోవలసిన అగత్యమూ ఆయనకు కలుగలేదు.

ఆ కళ ఎట్టిది? పద్యాన్ని సాగదీసి రాగాలాపన చేయడం ఆయనకు గిట్టదు. పాత్ర కోపగించినప్పుడు కోపం వినబడవలెను గాని గాయకుని గొంతు వినబడరాదు. హిరణ్యకశిపుడు కొడుకును గద్దించేటప్పుడు రాగం తీస్తూ నిలబడితే అక్కడ తండ్రీ ఉండడు, రాక్షసుడూ ఉండడు, మిగిలేది పాటగాడే. అందుకే రాఘవ మాటను, మౌనాన్ని, చూపును నమ్ముకొన్నారు. హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, చాణక్యుడు, పఠాన్ రుస్తుం, రామదాసు వంటి పాత్రలు ఆయనకు కీర్తి తెచ్చినాయి. తెలుగుతో పాటు కన్నడంలో, హిందీలో, ఇంగ్లీషులో కూడా ఆయన నటించారు. 1927లో గాంధీమహాత్ముని ఎదుట ‘దీనబంధు కబీర్’ హిందీ నాటకాన్ని ప్రదర్శించారు. 1928లో ఇంగ్లండు వెళ్ళి అక్కడి నాటకరంగాన్ని కన్నులారా చూచి, బెర్నార్డ్ షా వంటి వారిని కలుసుకొన్నారు.

స్థానం నరసింహారావు వంటి పురుషులు స్త్రీ పాత్రలలో ప్రేక్షకులను ముగ్ధులను చేస్తున్న రోజులవి. స్త్రీ పాత్రను స్త్రీయే ధరించవలెనని రాఘవ పట్టుబట్టారు. నాటకాలాడే స్త్రీని లోకం చులకనగా చూచే కాలంలో ఆయన అండతో కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వంటి విద్యావతులు రంగం మీద నిలిచారు. సహజ నటన కోరిన వానికి ఇది తప్పని మెట్టు.

1936లో సినిమా ఆయనను పిలిచినది. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధన పాత్ర ధరించారు. అదే ఏట అదే కథతో ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’ పోటీగా వచ్చినది; అందులో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ. జనం ఆ రెండవదానికే పట్టం కట్టారు. ఓటమికి కారణాలు పెక్కు ఉండవచ్చును. కాని యాభై ఆరేండ్ల వయస్సులో, అంతటి పేరు గడించిన తరువాత, అపజయం ఎదుర్కొనడం సామాన్యం కాదు. రాఘవ వెనుదీయలేదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’లో నర్సిరెడ్డి అనే రైతుగా నటించారు. అక్కడ కిరీటం లేదు, గద లేదు. జమీందారుల ఆగ్రహానికి గురి అయిన ఆ చిత్రంలో రాఘవ చేపట్టినది మట్టి మనిషి పాత్ర. 1940లో ‘చండిక’లోనూ నటించారు. 1946 ఏప్రిల్ 16న కన్నుమూశారు.

కవి పోయినా కావ్యం ఉంటుంది. శిల్పి పోయినా లేపాక్షి బసవన్న ఉంటాడు. చిలమత్తూరు పిల్లలు ఆ నందిని ఇప్పటికీ దగ్గరలోనే చూడగలరు. రంగస్థల నటుని కళ మాత్రం తెర పడడంతోనే మాయమవుతుంది. రాఘవ పఠాన్ రుస్తుంను నేడు ఎవరూ చూడలేరు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరిన పిమ్మట ఆయన పేరు రెండు రాష్ట్రాల నడుమ పడినది. బళ్ళారిలో రాఘవ కళామందిరం వెలసినది. 1981లో తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ళ విడుదల చేసినది. ఇవి గౌరవచిహ్నాలే గాని ఆయన కళ కాదు.

ఆ కళకు మిగిలిన చోటు బడి. వార్షికోత్సవానికి నాటకం వేయించే ఉపాధ్యాయుడు పిల్లవానికి పద్యం ఇచ్చి “రాగం తరువాత చూతము, ముందు దీని అర్థమేమి? ఈ మాట ఎవరు, ఎవరితో, ఎందుకంటున్నారు?” అని అడిగితే చాలును. పిల్లవాడు ఒక క్షణం ఆలోచించి, తన సొంత గొంతుతో ఆ మాట పలికితే రాఘవ కళ అక్కడ ఉన్నట్లే. కరవుసీమ కన్న ఆ మహానటునికి ఇంతకంటె నిలుకడైన స్మారకం మరొకటి లేదు.